తోలుగుడ్లు, వెనిగర్ నీళ్లు: పెరటి కోళ్లకు మీరేమి పెడుతున్నారు?

తొలిగుడ్డు:
నాకు ఆరు పెట్టలు, వాటి వెంట తిరిగే పదకొండు పిల్లలు. రెండు పెట్టలు తోలుగుడ్లు, అంటే గట్టి పెంకు లేని మెత్తటి గుడ్లు పెడుతున్నాయి. అన్నిటికీ లేయర్ దాణాయే (గుడ్లు పెట్టే కోళ్ల దాణా) వేస్తున్నాను. వెనిగర్, వెల్లుల్లి మంచివంటున్నారు, నిజమేనా? ఇంకొకటి, మొక్కజొన్న బస్తా అడుగున బూజు వాసన వస్తోంది. ఎండబెట్టి వేయవచ్చా?

నల్లపెట్ట:
వెనిగర్ మాట ఎత్తకండి! జింకు పూత రేకు బకెట్టులో కలిపి పెట్టాను. కొన్నాళ్లకు లోపలి పూతంతా తెల్లగా పొక్కిపోయింది. నా కోళ్లు తాగింది ఆ నీళ్లే.

కూతపుంజు:
బకెట్టు చేసిన తప్పుకు వెనిగర్‌ను తిడతారా? ప్లాస్టిక్ తొట్టిలో కలపాలని ఎవరైనా చెబుతారు. నాలుగేళ్లుగా వాడుతున్నాను, నా కోళ్లకు కడుపులో పురుగులే లేవు.

రెట్టపరీక్ష:
లేవని ఎలా తెలిసింది? పురుగుల గుడ్లు మైక్రోస్కోపులో తప్ప కనిపించవు. ఒక్కసారైనా రెట్ట పరీక్ష చేయించారా? పదిహేనేళ్లుగా కోళ్లతోనే బతుకుతున్నాను, వెనిగర్‌తో పురుగులు పోయిన కోడిని ఇంతవరకు చూడలేదు.

కూతపుంజు:
పదిహేనేళ్లూ రెట్టలే చూస్తూ కూర్చున్నట్టున్నారు. కోడి ముఖం కూడా చూడండి. నా వాటి తురాయిలు ఎర్రగా నిగనిగలాడుతున్నాయి.

రెట్టపరీక్ష:
తురాయి చూసి కడుపులో సంగతి చెప్పే విద్య నాకు రాదు, ఒప్పుకుంటున్నాను.

గంపకింద:
మీ పుంజుల పోట్లాటలో ఆ పిల్లలను తొక్కేశారు. లేయర్ దాణాలో కాల్షియం 3.5 నుంచి 4 శాతం ఉంటుంది. పిల్లలకు సుమారు 1 శాతం చాలు, మించితే మూత్రపిండాలు దెబ్బతింటాయి. కలిపి పెంచేటప్పుడు అన్నిటికీ పెరిగే పిల్లల దాణాయే వేసి, పెట్టల గుడ్డు పెంకుకు కావలసిన కాల్షియం కోసం ఆల్చిప్పల పొడి వేరే చిప్పలో పెట్టండి. నా ముసలి పెట్ట పొద్దువాలాక వచ్చి ఒక్కో పలుకునూ ముక్కుతో పొర్లించి, రెండు వదిలి ఒకటి మింగుతుంది. పిల్లలు ఒకసారి పొడిచి చూసి వెళ్లిపోతాయి.

నల్లపెట్ట:
దాని బదులు గుడ్డు పెంకులు నలిపి వేస్తే పోతుందిగా. రాళ్ల పనీ అవే చేస్తాయి.

రెట్టపరీక్ష:
చేయవు. పెంకు కరిగిపోతుంది. కందనకాయలో గింజ నలగాలంటే కరగని రాయి కావాలి. బయట తిరిగే కోళ్లు వాటంతట అవే ఏరుకుంటాయి, గూట్లో కట్టేసినవాటికి మనమే ఇవ్వాలి.

కూతపుంజు:
వెల్లుల్లి ఎక్కువైతే గుడ్డుకు వాసన పడుతుంది, ఈ ఒక్కటీ ఒప్పుకుంటాను. బంతిపూల రేకులు వేసి చూడండి, సొన నారింజ రంగులో మెరిసిపోతుంది!

గంపకింద:
రంగు పెరిగితే బలం పెరిగినట్టు కాదండీ. తోలుగుడ్ల గురించి అడిగితే పూల దగ్గరికి వచ్చాం.

ఖాళీగూడు:
ఇంతమంది ఉన్నారు, బూజు సంగతి ఒక్కరూ చెప్పలేదు. ఎండబెడితే బూజు చస్తుందేమో, అది వదిలిన అఫ్లాటాక్సిన్ అనే విషం చావదు. ఉడికించినా పోదు. కాలేయాన్ని తినేస్తుంది. నేనూ ఎండబెట్టే వేశాను. నా పేరు ఊరికే పెట్టుకున్నది కాదు.

తొలిగుడ్డు:
చదవగానే బస్తా మొత్తం పెంటకుప్పలో పారబోశాను. ఇప్పుడు చూస్తే ఆరు పెట్టలూ ఆ కుప్ప మీదే ఉన్నాయి. త్వరగా చెప్పండి, పైన మట్టి కప్పితే చాలా?