సైనస్ తగ్గట్లేదు: ఇది ఫంగసా, బ్యాక్టీరియానా?

గోదారోడు:
యాంటీబయాటిక్ వాడినన్నాళ్లూ బాగానే ఉంటుంది, ఆపగానే మళ్లీ మొదలు. కుడి బుగ్గ బరువు, ముక్కు కుడివైపే కారడం, పైగా కుళ్లు వాసన. చీము కల్చర్‌లో (ల్యాబ్ పరీక్ష) స్టాఫ్ అనే బ్యాక్టీరియా వచ్చింది. మా బావగారేమో "అది ఫంగసే, ఆ మాత్రలు వేసుకో" అంటున్నారు. 2021లో బ్లాక్ ఫంగస్ చూశాక ఆ మాట వింటేనే టెన్షన్. ఎవరికైనా ఇలా ఉందా?

ఖమ్మం పద్మ:
ఒకవైపే, అదీ వాసనతో అంటే ముందు పళ్లు చూపించుకోండి. పై దంతాల వేళ్లు సైనస్ (బుగ్గ ఎముకలోని గాలి గది) అడుగుకు ఆనుకునే ఉంటాయి. నాకు ఎప్పుడో రూట్ కెనాల్ చేసిన పన్ను వేరు దగ్గర చీము. నొప్పి లేదు కాబట్టి ఎవరికీ అనుమానం రాలేదు. ఆ పన్ను తీయించాకే ముక్కు కుదుటపడింది.

ల్యాబ్ మూర్తి:
ముక్కులో ఫంగస్ దొరికినంత మాత్రాన జబ్బు దానివల్లే అనుకోకూడదండి. 1999లో అమెరికాలో మేయో క్లినిక్ వాళ్లు దీర్ఘకాలిక సైనస్ రోగుల్లో 96 శాతం మందికి ఫంగస్ ఉందన్నారు. పెద్ద చర్చే నడిచింది. తీరా చూస్తే ఏ జబ్బూ లేనివాళ్ల ముక్కుల్లోనూ ఉంది! తర్వాత ఆంఫోటెరిసిన్ అనే ఫంగస్ మందుతో ముక్కు కడిగి చూసినా చెప్పుకోదగ్గ లాభం కనబడలేదు.
స్టాఫ్, సూడోమొనాస్ లాంటి బ్యాక్టీరియా సైనస్ గోడకు బయోఫిల్మ్ అనే జిగురు పొర కట్టుకుంటాయి. మందు లోపలిదాకా దిగదు. ఆపగానే తిరగబెట్టడానికి అదీ ఒక కారణం.

సుధ:
మా చెల్లిది అలర్జిక్ ఫంగల్ సైనస్. ముక్కులో పాలిప్స్ (మెత్తటి బుడిపెలు). ఆపరేషన్‌లో వేరుశనగ ముద్దలాంటి జిగట బయటపడింది. ఫంగస్ కండలోకి దిగలేదు, దాని మీద ఒళ్లు చూపించిన అలర్జీ అంతే. ఇప్పుడు స్టెరాయిడ్ స్ప్రే, ఉప్పునీళ్లతో కడగడం. బ్లాక్ ఫంగస్ దారి వేరు. షుగర్ అదుపులో లేనివాళ్లకు రోజుల్లోనే ముదురుతుంది. కన్ను వాచినా, చూపు మసకబారినా, అంగిట్లో నల్లబడినా ఆసుపత్రికి పరుగెత్తాల్సిందే.

గోదారోడు:
షుగర్ లేదు. డాక్టర్ సీటీ స్కాన్ రాశారు. ముక్కు కడగడానికి కుళాయి నీళ్లు చాలా?

ల్యాబ్ మూర్తి:
వద్దు. మరగబెట్టి చల్లార్చినవే వాడండి. అరుదే గానీ, నెగ్లేరియా అనే అమీబా ముక్కులోంచి మెదడుకు ఎక్కుతుంది. సీటీలో ఒక్క సైనస్‌లోనే తెల్లటి మచ్చలు కనిపిస్తే ఫంగల్ బాల్ (ముద్దలా పేరుకున్న ఫంగస్) కావచ్చు. దానికి మాత్రలతో పనిలేదు, తీసేయడమే. పై పళ్ల వేళ్లు కూడా పడేలా సీటీ తీయమని డాక్టర్‌ని అడగండి.