‘పదారేండ్లకు’: రాగిరేకు మీది ఒక మాట, కొత్త పాటలు, టీనేజ్ కథలు

అన్నమయ్య అధ్యాత్మ సంకీర్తనల రాగిరేకులు మొదలయ్యే చోట ఒక వాక్యం ఉంది. శక సంవత్సరం 1346, క్రోధి అని చెప్పి, తాళ్లపాక అన్నమాచార్యులు ‘అవతరించిన పదారేండ్లకు తిరువేంగళనాథుండు ప్రత్యక్షంబైతేను’ అంటుంది. అక్కడి నుంచి శక 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా ఆయన స్వామికి విన్నపం చేసిన సంకీర్తనలివి అని ముగుస్తుంది.

ఇందులో ‘పదారేండ్లకు’ అనే ఒక్క మాట గురించే ఈ పోస్టు. కొత్త పాట వచ్చిన రోజు ఇంటర్ పిల్లలు చేసే హడావిడి, చేతులు మారుతూ తిరిగే టీనేజ్ నవలలు, వీటి గురించి భాషా గ్రూపులో మాట్లాడటం దేనికి అని మొన్న ఒక పెద్దాయన అడిగారు. ఆయన మీద గౌరవంతోనే నా జవాబు రాస్తున్నాను.

ముందు మాట సంగతి. పది, ఆరు కలిసి పదారు. ఏడు అంటే సంవత్సరం, బహువచనం ఏండ్లు. పాత రాతలో ఈ ‘ఏఁడు’కు అరసున్న ఉంటుంది. ఆ అరసున్నే బహువచనంలో నిండు సున్నగా వినిపిస్తుంది. తర్వాత కోస్తా వైపు ‘ండ్ల’ మెత్తబడి ‘ళ్ల’ అయింది. పండ్లు పళ్లు, బండ్లు బళ్లు, ఇండ్లు ఇళ్లు అయినట్టే ఏండ్లు ఏళ్లు అయింది. చిత్తూరు, మదనపల్లె, పీలేరు వైపు మాత్రం ఈరోజుకీ ‘పిల్లోడికి పదారేండ్లు’ అనే అంటారు. అయిదు వందల ఏండ్ల నాటి రేకు మీది మాట, నిన్న బస్సులో విన్న మాట ఒక్కటే. నాకు ఇది ఎంత తలచుకున్నా సంతోషమే.

‘ప్రత్యక్షంబైతేను’ దగ్గర కూడా ఒక్క క్షణం ఆగాలి. ఇప్పటి ‘అయితే’లో ఉన్న షరతు ఇక్కడ లేదు. ప్రత్యక్షం కాగా, అప్పుడు అని అర్థం.

ఇక అసలు చిక్కు. ‘క్రోధి సంవత్సరమందు’ అనేది ఏ క్రియకు చెందుతుంది? ‘ప్రత్యక్షం’తో కలిపి చదివితే, క్రోధిలో, అంటే క్రీస్తు శకం 1424లో, ఆయనకు పదారేండ్లు. పుట్టింది 1408. మనం జయంతులు లెక్కపెట్టేది ఇలాగే, 600వ జయంతి 2008లో జరిగింది. ‘అవతరించిన’తో కలిపితే పుట్టుకే 1424 అవుతుంది. అలా చదివినవాళ్లూ ఉన్నారు. నాకు మొదటిదే సరిగ్గా తోస్తుంది. వాక్యం మొత్తం ‘ఇక్కడి నుంచి ఇక్కడిదాకా’ అనే నడకలో ఉంది, క్రోధి పాటల మొదలు, దుందుభి చివర. ఒక జాగ్రత్త: శక 1424 వేరు, క్రీస్తు శకం 1424 వేరు. శక 1424 ఫాల్గుణం మనకు 1503లో పడుతుంది.

ఎలా చదివినా పదారు మాత్రం కదలదు. పాటలు ఏ వయసులో మొదలయ్యాయో పనిగట్టుకుని రాగి మీద చెక్కించారు. ఆ రోజున అవి కొత్త పాటలు. ఆ వయసు పిల్లలే ఇప్పుడు తిరుపతి హాస్టళ్లలో లిరికల్ వీడియో వచ్చిన గంటలో చరణాలు అప్పజెప్పేస్తారు. ఏ మాట ఏ ఊరి యాసో, ఏ పాదంలో ప్రాస కుదరలేదో తగవుపడతారు. అది భాషా చర్చ కాకపోతే ఇంకేది?

పోస్టు కింద వచ్చిన కామెంట్లు, నా జవాబులు:

గుంటూరు నుంచి: మరి మా పదహారులో ‘హ’ ఎక్కడి నుంచి వచ్చిందండీ?

జవాబు: రెండు అచ్చులు పక్కపక్కన పడినప్పుడు మధ్యలో వచ్చి చేరిన హల్లు అండీ అది. పదిహేను, పదిహేడు కూడా అంతే. మా వైపు ఆ హల్లు లేకుండానే కలిపేస్తారు: పదారు, పదేడు.

పలమనేరు టీచర్: సార్, పిల్లలు పరీక్షలో ‘ఏండ్లు’ అని రాస్తే మార్కు తీసేయాలా?

జవాబు: వద్దు మేడమ్. రెండూ సరైన రూపాలే, పైగా ఏండ్లే ముందుది. వీలైతే ఆ పిల్లలకు ఈ రేకు వాక్యం బోర్డు మీద రాసి చూపించండి.

ఎస్వీయూ (శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం) విద్యార్థిని: అన్నా, నేను చదివేవి ఎక్కువగా యంగ్ అడల్ట్ నవలలే, అంటే టీనేజ్ వాళ్ల కోసం రాసేవి. కొత్తది వచ్చిందంటే మా రూములో నలుగురం వంతులు వేసుకుంటాం. అమెరికాలో ఈ రకం నవలలకు దారి వేసిన ఎస్. ఈ. హింటన్ తన మొదటి నవల చాలా వరకు పదారేండ్ల వయసులోనే రాసింది. 1967లో అచ్చయ్యేనాటికి ఆమెకు పద్దెనిమిది. మీ పోస్టు చూడగానే అదే గుర్తొచ్చింది. ఈ నవలల్ని తెలుగులో ఏమనాలి? బాలసాహిత్యం అంటే మా తమ్ముడు కూడా ఒప్పుకోడు.

జవాబు: భలే గుర్తుచేశావమ్మా. మన దగ్గర ఈ చోటు ఖాళీగానే ఉంది. సాహిత్య అకాడమీ బాలసాహిత్య పురస్కారం తొమ్మిది నుంచి పదారేండ్ల పాఠకుల పుస్తకాలకు. యువ పురస్కారం ముప్పై అయిదు దాటని రచయితలకు, అక్కడ చూసేది రాసినవాళ్ల వయసు, చదివేవాళ్లది కాదు. పదారు దాటిన పాఠకుడు ఈ రెండింటి మధ్య పేరు లేకుండా మిగిలిపోతున్నాడు. ‘కౌమార సాహిత్యం’ తప్పు కాదు గానీ సైన్సు పాఠంలా వినిపిస్తుంది, ఆ వయసువాళ్లెవరూ తమను తాము కౌమారులం అనుకోరు. ‘పదారేండ్ల కథలు’ అందాం. పలకడానికి హాయిగా ఉంది, మన నేల మాట కూడా.

శ్రీకాళహస్తి నుంచి: ఒక అభ్యంతరం సార్. పదహారేళ్లు అనగానే సినిమా పాటల పడుచుపిల్లే గుర్తొస్తుంది. పుస్తకాలకు ఆ పేరు పెడితే జనం ప్రేమకథలే అనుకుంటారు. చదువుల టెన్షన్, ఇంట్లో గొడవలు, స్నేహాలు, ఇవన్నీ ఉన్న నవలలకు అన్యాయం కదా?

జవాబు: మీ మాటలో బలం ఉంది. ‘పదహారేళ్ల’ అనే మాటకు ఆ వాసన గట్టిగానే అంటుకుంది. అందుకే నేను ‘ండ్ల’ రూపం మీద పట్టుబడుతున్నాను. రేకు మీద ఆ మాట చెప్పేది అందం గురించి కాదు, ఒక కుర్రవాడు తన పని మొదలుపెట్టిన వయసు గురించి. కొత్త నవలల్లో పాత్రలకు జరిగేదీ అదే: తమ మాట తాము మొదటిసారి గట్టిగా పలకడం. ముందు మనం వాడుతూ పోదాం, పేరుకు అర్థం వాడుకలోనే స్థిరపడుతుంది.

ఎస్వీయూ విద్యార్థిని: అయితే మా రూము వాట్సాప్ గ్రూపు పేరు ఈ రాత్రే ‘పదారేండ్ల కథలు’ అని మారుస్తున్నా అన్నా. పాటల సంగతి కూడా అక్కడే పెట్టుకుంటాం.

జవాబు: చాలా సంతోషం. అందరికీ ఒక మనవి. ఈ నెలలో వచ్చిన కొత్త పాటల్లో, కథల్లో ఏండ్లు, ఇండ్లు, కండ్లు, ‘వస్తా ఉండా’, ‘ఉండాది’ లాంటి రూపాలు మీ చెవిన పడితే ఆ మాట, అది వచ్చిన సందర్భం కింద రాయండి. రాసినవాళ్లది ఏ ప్రాంతమో తెలిస్తే అదీ చేర్చండి. పిల్లలు విన్నవి ముందు రాయాలి, వాళ్ల చెవులు మనకంటే చురుకు.