కొలంబైన్ విత్తనాలు మొలవడంలేదు, అనంతపురంలో ఎవరన్నా పెంచారా?

కొలరాడోలో ఉండే మా అక్క ఫోటో పంపింది, నీలం తెలుపు పూలు, రేకుల వెనక సన్నని తోకలు, చూసి మనసాగక విత్తనాలు తెప్పించి కుండీలో వేస్తే 40 రోజులైనా ఒక్కటీ మొలవలా, తవ్వి చూస్తే నల్లగా మెరుస్తా అట్లే ఉన్నాయి. ఏం చేయాల?

కడప మిద్దెతోట: అది రాకీ కొండల్లో పైన్, స్ప్రూస్ చెట్ల మధ్య పెరిగేది అన్నా, 1899 నుంచి కొలరాడో రాష్ట్ర పుష్పం. చలి తగిలితేనే విత్తనానికి నిద్ర వదుల్తాది. తడి టిష్యూలో చుట్టి నెల రోజులు ఫ్రిజ్‌లో పెట్టు, తర్వాత మట్టి మీద చల్లు, పూడ్చొద్దు, వెలుతురు కావాల.

కర్నూలు నర్సరీ: మొలిచినా మామూలుగా రెండో ఏడుగానీ పూయదు, మధ్యలో మన ఎండాకాలం ఉంది కదా, అదే భయం. నీడలో పెట్టు, నీళ్ళు నిలవనీయొద్దు.

అడిగినోన్ని: మిగిలినవి ఇప్పుడే పెట్టినా, దోసెపిండి గిన్నె పక్కన.