సమస్య: పదము లేని నిఘంటువే ఫలము నొసఁగె

నిర్వాహకులు

ఈ వారం ఇచ్చినది తేటగీతి చివరి పాదం. వ్యంగ్య నిఘంటువులను, వాటిని కూర్చినవారు చేర్చకుండా విడిచిపెట్టిన మాటలను విషయంగా తీసుకొని పూరించవలసిందిగా కోరుతున్నాను. మాటలే లేని నిఘంటువు ఉండదు గనుక విరోధం పైకే తెలుస్తోంది. 'పదము'నకు ముందు, అంటే మూడో పాదం చివర, ఏ మాటను తెచ్చి నిలుపుతారన్నదే అసలు పరీక్ష. 'పదము'నకు అడుగు అన్న అర్థమూ ఉందని గుర్తుచేస్తున్నాను. పూరణతో పాటు దానికి ఆధారమైన సంగతిని కూడా రాస్తే విమర్శకు వీలవుతుంది.

తెనాలి సభ్యులు

లోకదోషంబు లన్నియు లోఁతుఁ జూచి
పరుల తప్పుల కర్థంబు పలికినట్టి
బీర్సు వ్రాయంగఁ దనతప్పు పేరుఁ జెప్పు
పదము లేని నిఘంటువే ఫలము నొసఁగె.

ఆంబ్రోస్ బీర్స్ అనే అమెరికా రచయిత 1881లో ఒక వారపత్రికలో మొదలుపెట్టి, నడుమ నడుమ ఆపుతూ 1906 వరకు రాసిన వ్యంగ్యార్థాలే 'ది డెవిల్స్ డిక్షనరీ'. అందులో నిఘంటువు అన్న మాటకు, భాష ఎదగకుండా బిగించి బిరుసెక్కించే దుష్టసాధనమని అర్థం చెప్పి, ఆ వెంటనే తన నిఘంటువు మాత్రం ఎంతో ఉపయోగకరమైనదని చేర్చాడు. అందరినీ బోనెక్కించినవాడు తాను మాత్రం పక్కకు తప్పుకున్నాడని నా ఫిర్యాదు.

విశ్రాంత తెలుగు పండితులు

గణాలు కుదిరాయి, మూడో పాదంలో బీ-పే యతి కూడా చెల్లుతుంది. 'లోఁతుఁ జూచి' అన్న పలుకుబడి బాగుంది. అయితే ఫిర్యాదు సగమే నిలుస్తుందండీ. వ్యంగ్య రచన అంటే రచయిత శత్రువుల దుర్గుణాలను అంతంతమాత్రపు దయతో వివరించేదని అదే పుస్తకంలో ఉంది. 'శత్రువుల' అన్న ఆ ఒక్క మాటతో ఆయన తన తూకపురాయిలోని దొంగతనాన్ని తానే చూపించాడు. 'ఒంటరిగా' అన్న మాటకైతే 'చెడు సావాసంలో' అని మాత్రమే అర్థం రాశాడు. గదిలో ఒక్కడే కూర్చుని ఆ పంక్తి రాసినవాడికి అది తగలకుండా ఎలా పోతుంది? మీరు ఉదాహరించిన చివరి వాక్యాన్ని నేను ఆత్మస్తుతిగా చదవలేను. ఎవరికి వారు తమ పుస్తకాన్ని మినహాయించుకునే తీరునే ఆయన వెక్కిరించాడని నా అభిప్రాయం.

తెనాలి సభ్యులు

పండితులవారికి నమస్కారం. ఒప్పుకుంటున్నాను, కాని పద్యాన్ని మార్చను. తన తప్పును నవ్వులో కలిపి చెప్పడం వేరు, దానికి పేరు పెట్టి అకారాదిలో నిలబెట్టడం వేరు.

వరంగల్లు సభ్యులు

భక్తు లడలెద రనుచును భయము పొంది
పత్రికాధిపు లొప్పక పట్టు పట్టఁ
బేరు మారెను సినికుగా, దయ్యమనెడు
పదము లేని నిఘంటువే ఫలము నొసఁగె.

1906లో బీర్స్ పుస్తకం మొదట వెలువడినప్పుడు దాని పేరు 'ది సినిక్స్ వర్డ్ బుక్' (సినిక్ అంటే ఎవరి మంచితనాన్నీ నమ్మనివాడు). ఆ భక్తిగల పేరు తన మీద రుద్దబడిందనీ, అందుకు కారణం అంతకుముందు తన రచనను అచ్చువేసిన పత్రికకున్న మతపరమైన సంకోచమనీ ఆయన పీఠికలో చెప్పుకున్నాడు. 1911లో తన రచనల సంపుటాలలో ఏడవదిగా వేసినప్పుడే దయ్యం అట్టమీదికి వచ్చింది. ఇక ఫలమంటారా, ఈ పుస్తకం రాకముందే అనుకరణలు దేశాన్ని ముంచెత్తాయని ఆయనే వాపోయాడు.

విశ్రాంత తెలుగు పండితులు

సంగతి చక్కనిది, 'ఫలము'ను అనుకరణల పంటగా మలచడం ఇంకా చక్కనిది. మూడో పాదంలో మాత్రం 'పే'కు 'ద' యతి చెల్లదు. 'తలను మార్చిరి సినికుగా. దయ్యమనెడు' అంటే త-ద యతి కుదురుతుంది, గణాలు చెదరవు, పుస్తకానికి పేరు తలవంటిది గనుక అర్థమూ నిలుస్తుంది. రెండో పాదం చివర 'పట్ట' అని వదలండి. 1906 నాటి పుస్తకం ఆంగ్ల వర్ణమాలలో 'ఎల్' దగ్గరే ఆగిపోయిందన్న సంగతి కూడా మీకు పనికివచ్చేది. సగం అక్షరాలే లేని నిఘంటువన్న మాట! బీర్స్ తన పత్రికల్లో రాసిన అర్థాలలో ఎన్నింటినో 1911 సంపుటిలోనూ చేర్చలేదు. 1967లో ఎర్నెస్ట్ హాప్కిన్స్ వాటిని పాత పత్రికల నుంచి వెదికి తీసి పెద్ద కూర్పు వేశాడు.

డాలస్ సభ్యురాలు

వాకిటన్ వేచి వేచియు వట్టిచేత
మరలి, జాన్సను కూర్చెను మాటలెల్ల;
తలను వంచక యుండఁగా ధనికు నొకని
పదము లేని నిఘంటువే ఫలము నొసఁగె.

ఇక్కడ 'పదము' అంటే అడుగు. ఆంగ్ల రచయిత శామ్యూల్ జాన్సన్ నిఘంటువు మొత్తంగా వ్యంగ్య రచన కాకపోయినా, వ్యంగ్యార్థాలకు అది తాతవంటిది. 1746లో లండన్ పుస్తక వ్యాపారులతో ఒప్పందం చేసుకొని 1755లో దానిని వెలువరించాడు. నడుమ ఛెస్టర్‌ఫీల్డ్ ప్రభువు గుమ్మం దగ్గర ఆదరణ కోసం కాచుకొని తిరిగివచ్చిన అవమానం, 'పోషకుడు' అన్న మాటకు ఇచ్చిన అర్థంలో బయటపడింది: సాధారణంగా పొగరుతో ఆదుకొని ముఖస్తుతిని ప్రతిఫలంగా పుచ్చుకునే నీచుడు. నిఘంటుకారుణ్ణి, అంటే తనను, హానిచేయని గొడ్డుచాకిరీ మనిషి అన్నాడు. బీర్స్ చేయలేదని తెనాలివారు చెప్పిన పనిని జాన్సన్ అంతకు నూటయాభై ఏళ్ల ముందే చేశాడు.

విశ్రాంత తెలుగు పండితులు

అమ్మా, శ్లేష సహజంగా పడింది. నా ఆక్షేపణ 'వట్టిచేత' మీద. 1755 ఫిబ్రవరిలో ఆ ప్రభువుకు రాసిన లేఖలో జాన్సన్ తనకు ఒక్క సాయమూ అందలేదని అన్న మాట నిజమే. కాని ఒకసారి ఆయన నుంచి పది పౌండ్లు అందాయని, అంత స్వల్పమైన మొత్తాన్ని అటువంటి లేఖలో ప్రస్తావించడం తగదని జాన్సన్ భావించాడని బాస్వెల్ తాను రాసిన జాన్సన్ జీవితచరిత్రలో నమోదు చేశాడు. ఆ పది పౌండ్లే ఈ సమస్యకు అసలైన 'లేని పదము' కదా! మరొకటి: రాజ్యపు కూలిమనిషి దేశద్రోహానికి పుచ్చుకునే జీతమని పింఛనుకు అర్థం రాసినవాడు, 1762లో ఏడాదికి 300 పౌండ్ల రాజభృతికి ఒప్పుకున్నాడు.

డాలస్ సభ్యురాలు

గురువుగారూ, పది పౌండ్లను జాన్సన్ వదిలివేశాడు గనుక ఆయన వైపు నిలబడి రాసిన పద్యంలో నేనూ వదిలివేశాను. పింఛను మాత్రం నిఘంటువు వచ్చిన ఏడేళ్లకు వచ్చింది. నా నాలుగు పాదాలు 1755లోనే ముగిశాయి.

విజయనగరం సభ్యులు

లోక మాడెడు మాటలే లోకమునకుఁ
దిరిగి యిచ్చెను ఫ్లోబేరు తీర్చి కూర్చి;
తప్పిదారియుఁ గానఁగఁ దనది యొక్క
పదము లేని నిఘంటువే ఫలము నొసఁగె.

ఫ్రెంచి నవలాకారుడు గుస్తావ్ ఫ్లోబేర్, జనం ఆలోచించకుండా వల్లించే అభిప్రాయాలను అకారాదిగా కూర్చాలనుకున్నాడు. పుస్తకమంతటా తన సొంత మాట ఒక్కటీ ఉండకూడదని, చదివినవారు అందులోని వాక్యమే నోట వస్తుందేమోనన్న భయంతో మాట్లాడడమే మానుకోవాలని 1852లో ఒక లేఖలో రాశాడు. నిఘంటువు అన్న మాట దగ్గర, అది అజ్ఞానులకే అని చెప్పవలసిందిగా పాఠకునికి నేర్పాడు. 1880లో ఆయన మరణించేనాటికి ఆ పని పూర్తికాలేదు. దశాబ్దాల తరువాత గాని అచ్చుకాలేదు.

విశ్రాంత తెలుగు పండితులు

ఈ సమస్యకు ఇంత నేరుగా అతికే సంగతి మరొకటి దొరకదు. వదిలివేసినది తన మాటనే గనుక మూడో పాదం నుంచి నాలుగో పాదానికి నడక ఎక్కడా తడబడలేదు. ఒక్క చిక్కు ఉంది: పాదం చివర 'యొక్క' అని ఆగగానే దానిని షష్ఠీ విభక్తిగా చదివే ప్రమాదం ఉంది. 'తనది యొకటి' అంటే గణభంగం లేదు.

విజయనగరం సభ్యులు

కృతజ్ఞతలండీ. 'తప్పిదారియుఁ గానఁగఁ దనది యొకటి' అని మార్చుకున్నాను.

నిర్వాహకులు

వరంగల్లువారు కూడా మూడో పాదాన్ని సవరించి పంపితే నాలుగు పూరణలను ఒకచోట చేరుస్తాను. డాలస్ సోదరి పద్యాన్ని 'వట్టిచేత'తోనే ఉంచుతున్నాను. దాని కిందనే పండితులవారి పది పౌండ్ల ఆక్షేపణ కూడా ఉంటుంది.