అమెరికా జూరీ ముందు "నడుము" అంటే ఏమనాలి?

ప్రశ్న:
కాలిఫోర్నియాలో కోర్టు దుబాసీ పనికి సిద్ధమవుతున్నాను. సాధన కోసం ఇచ్చిన వాంగ్మూలంలో ఒక పెద్దావిడ మాటలివి: "వెనకనుంచి కారు గుద్దింది. మెడ పట్టేసింది. నడుము కలుక్కుమంది. పాత నొప్పి తిరగబెట్టింది." వీటిని ఇంగ్లీషులో ఎలా చెప్పాలి? నిఘంటువులో నడుముకు "వెయిస్ట్" అని ఉంది.

జవాబు:
ఆ "వెయిస్ట్" ఇక్కడ వాడకండి. వడ్డాణం పెట్టుకునేదీ నడుముకే, బరువెత్తినప్పుడు పట్టేసేదీ నడుమే. మనకు మాట ఒక్కటే. ఇంగ్లీషులో మొదటిది వెయిస్ట్, రెండోది లోయర్ బ్యాక్. ప్రమాదం జరిగిన రోజు ఆసుపత్రిలో ఎవరో చుట్టం తోడుండి "వెయిస్ట్ పెయిన్" అని చెప్పారనుకోండి, నర్సు అలాగే రాసుకుంటుంది. తర్వాత విచారణలో వైద్యుడు, నడుము దగ్గరి రెండు వెన్నుపూసల మధ్య ఉండే ఎల్4–ఎల్5 డిస్కు ఉబ్బిందని సాక్ష్యం చెబుతాడు. ప్రతివాది లాయరు ఆ మొదటి కాగితాన్ని తెర మీద చూపించి, ఆ రోజు లోయర్ బ్యాక్ మాటే లేదు కదా అంటాడు. ఎముక విరిగితే ఎక్స్‌రే చెబుతుంది. కండరాల నొప్పి అలా కాదు. వయసు పైబడిన వారికి నొప్పి లేకపోయినా ఎమ్మారైలో డిస్కు అరుగుదల కనబడటం మామూలే. అందుకే మెడ, నడుము దావాల్లో మనిషి మాట మీద జూరీకి, అంటే కేసు విని తీర్పు చెప్పే మామూలు పౌరుల బృందానికి, నమ్మకం కుదరడమే పెద్ద సంగతి.

ఇక "తిరగబెట్టింది". నేను ఎక్కువగా భయపడేది ఈ మాటకే. తగ్గిన జ్వరం మళ్లీ వస్తేనే తిరగబెట్టింది అంటాం. అంటే మధ్యలో తగ్గిందన్న సాక్ష్యం ఆ క్రియలోనే ఉంది. దాన్ని "పాత నొప్పి ఉంది" అని దాటేస్తే, ఆవిడ ఎన్నేళ్లుగానో నొప్పితోనే ఉన్నట్టు జూరీకి వినిపిస్తుంది. అక్కడి చట్టం పాత జబ్బుకు పరిహారం ఇవ్వదు, ప్రమాదం వల్ల అది ముదిరితే ఆ ముదిరిన మేరకు ఇస్తుంది. తగ్గి మళ్లీ వచ్చిందా, తగ్గకుండా పెరిగిందా అన్న తేడా మీద పరిహారం మొత్తమే మారిపోవచ్చు. "తగ్గిపోయి మళ్లీ వచ్చింది" అన్న అర్థం నిండుగా వచ్చేలా చెప్పండి. అలాగని ఆవిడకు మేలు చేద్దామని ఒక్క ముక్క కూడా కలపకూడదు. మాట రెండు విధాలుగా ఉంటే జడ్జి అనుమతితో వివరణ అడగాలి.

ఇంకొక సంగతి. జూరీలో తెలుగు తెలిసినవారు ఉన్నా సరే, దుబాసీ చెప్పిన ఇంగ్లీషునే సాక్ష్యంగా తీసుకోవాలని కాలిఫోర్నియా జడ్జి వారికి సూచిస్తారు. తప్పు దొర్లిందనిపిస్తే చీటీ రాసి జడ్జికి చెప్పాలే తప్ప, తాము విన్న తెలుగును చర్చలోకి తేకూడదు.

మరొక జవాబు (ఫిజియోథెరపీ చేసేవారు):
"కలుక్కుమంది" అంటే ఒక్క క్షణంలో పట్టిన నొప్పి. అది ఎప్పుడు మొదలైందో ఆ మాటే చెబుతోంది, కాబట్టి ఆ "ఒక్కసారిగా" పోనివ్వకండి. సలుపు, పోటు, తీపు, మంట, తిమ్మిరి అన్నిటినీ "పెయిన్" అనే ఒక్క బుట్టలో వేసేస్తుంటారు, చూస్తే బాధేస్తుంది. "నడుములో మొదలై పిక్క దాకా లాగుతోంది" అంటే మేము నరం మీద ఒత్తిడి ఉందేమో చూస్తాం. మెడ నుంచి వేళ్లలోకి తిమ్మిరి దిగినా అంతే.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలండీ. "నొప్పి, బాధ"లకు జూరీ వేరుగా పరిహారం లెక్కగడుతుందట కదా? దానికి లెక్క ఏమిటి?

జవాబు:
లెక్క లేదు. ఆసుపత్రి ఖర్చుకు, పోయిన జీతానికి రసీదులుంటాయి. బాధకు స్థిరమైన కొలమానం లేదని, సాక్ష్యాన్నీ ఇంగితాన్నీ బట్టి సబబైన మొత్తం తేల్చాలని జడ్జి జూరీకి చెబుతారు. పన్నెండు మందిలో తొమ్మిది మంది ఒప్పుకుంటే చాలు. ప్రతివాదికి బీమా ఉందో లేదో ఆలోచించవద్దని కూడా చెబుతారు. మొత్తం మరీ ఎక్కువైందనిపిస్తే తగ్గించుకోమని, లేదా మళ్లీ విచారణకు సిద్ధపడమని వాదికి చెప్పే అధికారం జడ్జికి ఉంది. కనుక వార్తల్లో కనబడే జూరీ అంకె అంతా చేతికి అందిందనుకోకూడదు.

మన దగ్గర ఈ దావాలకు జూరీ లేదు. 1988 మోటారు వాహనాల చట్టం కింద ట్రిబ్యునల్ పరిహారం నిర్ణయిస్తుంది. అక్కడ వైకల్య ధ్రువపత్రంలోని శాతానికి బరువెక్కువ. అయితే ఆ శాతమే సంపాదన నష్టం కాదని, ఆ మనిషి చేసే పనిని చూడాలని రాజ్‌కుమార్, అజయ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు 2010లో స్పష్టం చేసింది. ఎడమ చేయి పోతే వడ్రంగికీ గుమస్తాకీ నష్టం ఒకటి కాదు.

అందుకే సాధన చేసేటప్పుడు "నడుము వంచలేకపోతున్నాను" దగ్గర ఆగిపోవద్దు. "మనవడిని ఎత్తుకోలేకపోతున్నాను, కింద కూర్చుని పూజ చేసుకోలేకపోతున్నాను" వంటి వాక్యాలు కూడా తీసుకోండి. జీవితంలో పోయిన సంతోషాన్ని కూడా ఆ జూరీ లెక్కలోకి తీసుకుంటుంది. సాక్షులు దాన్ని చెప్పేది ఈ మాటల్లోనే.