ఆర్డరు మీద గీసే గ్రీటింగు కార్డులో నల్లగీత ముందా, రంగు ముందా?

గునుగుపువ్వు, హన్మకొండ:

అందరికీ నమస్కారం. మా కాలనీలో ఒక ఇంటివారు తమ నాన్నగారి షష్టిపూర్తికి చేతితో గీసిన గ్రీటింగు కార్డు కావాలని అడిగారు. అసలు బొమ్మను అమ్మానాన్నలకు ఇచ్చి, అచ్చు వేయించిన 40 ప్రతులను బంధువులకు పంచుతారట. నాన్నగారు 2002లో మూతపడేదాకా వరంగల్ ఆజంజాహి బట్టల మిల్లులో పనిచేసిన మనిషి కనుక ఆయన పక్కన నూలు కండెలు, అమ్మగారి చేతుల్లో తంగేడు, గునుగు పేర్చిన బతుకమ్మ ఉండాలన్నది వారి కోరిక. ఫోటోలు ముందు పెట్టుకుని అగ్గిపెట్టెంత పరిమాణంలో మూడు రఫ్ స్కెచ్‌లు గీసి చూపితే ఒకటి ఎంచుకున్నారు. తరువాత 210 మిల్లీమీటర్ల వెడల్పు, 148 ఎత్తు ఉన్న 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువు) వాటర్ కలర్ కాగితం తీసుకుని, మధ్యకు మడిస్తే కుడి సగం ముఖపత్రం అయ్యేటట్టు పెన్సిల్ బొమ్మ పూర్తిచేశాను.

ఇక్కడే ఆగిపోయాను. నేను ఎప్పుడూ వాటర్‌ప్రూఫ్ నల్ల ఇంకుతో గీత వేసి, ఆరిన తరువాత రంగు పూస్తాను. బొమ్మ చూసిన ఒక స్నేహితురాలు మాత్రం, గుడ్డ మీద కథలు గీసే మన చేర్యాల బొమ్మల్లో నల్లగీత అన్నిటికన్నా చివర వస్తుందని, అందుకే ఆ ముఖాలకు అంత కళ అని అన్నది. కార్డుకు ఏ వరుస మంచిది? కారణాలతో చెప్పగలరు.

కుంచెకట్ట, కరీంనగర్:

గీతే ముందు. ఇందులో నాకు ఏ సందేహమూ లేదు. వాటర్ కలర్ పారదర్శకమైన రంగు, దాని అడుగున ఉన్న పెన్సిల్ గీతను దాచదు. పైగా ఒకసారి తడి పూత పడి ఆరితే ఆ పెన్సిల్ రబ్బరుకు సరిగా రాదు. ముందే ఇంకు వేసుకుంటే, అది బాగా ఆరాక పెన్సిల్‌ను శుభ్రంగా తుడిచేసి, తెల్లని కాగితం మీద నిశ్చింతగా రంగు పూసుకోవచ్చు. తుడిచేటప్పుడు రుద్దకుండా మెత్తని ముద్ద రబ్బరుతో అద్దండి, లేకపోతే ఇంకు నలుపు కూడా కొంత వెలిసిపోతుంది. పెన్ను మీద వాటర్‌ప్రూఫ్ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మకండి. అదే కాగితం ముక్క మీద నాలుగు గీతలు గీసి, పావుగంట ఆగి, తడి కుంచె లాగి చూసిన తరువాతే అసలు బొమ్మ మీద పెట్టండి. ఈ జాగ్రత్త తీసుకోక నేను ఒక పెళ్లి కార్డులో వధువు చెంపల మీద బూడిద రంగు మరకలు తెచ్చుకున్నాను, మొత్తం బొమ్మ మళ్లీ గీయవలసి వచ్చింది.

చింతగింజ, జనగామ:

కుంచెకట్ట అన్నా, మీ అనుభవం మీద నాకు గౌరవం ఉంది, కానీ నేను గీత చివరే రావాలని అంటాను. మునుపు వరంగల్ జిల్లాలో, 2016 నుంచి సిద్దిపేట జిల్లాలో ఉన్న చేర్యాలకు నేను పలుమార్లు వెళ్లి ఆ పటాలు గీసే నకాషీ కళాకారుల పని దగ్గర కూర్చుని చూశాను. ఖద్దరు గుడ్డకు గంజి, సుద్దమట్టి, ఉడికించిన చింతగింజల అంబలి, జిగురు నీళ్లు కలిపి మూడుసార్లు పూత వేస్తారు. ఆరిన గుడ్డ మీద కుంచెతోనే బొమ్మల పోలిక పలుచగా గీసుకుంటారు, వెనుక నేలంతా ఎరుపు నింపుతారు, ఆ తరువాత ఒళ్లు, బట్టలు, నగలు ఒక్కొక్క రంగుగా వస్తాయి. అప్పటిదాకా ఆ మనుషులకు చూపు ఉండదు, ముఖాలు మట్టి ముద్దల లాగా ఉంటాయి. చివర సన్నని కుంచెతో కనుబొమ్మ, కంటి అంచు, నల్లగుడ్డు, ముక్కు గీసేసరికి అదే ముఖం మన వైపు తిరిగి చూసినట్టు అనిపిస్తుంది. మడేలు పురాణం, మార్కండేయ పురాణం చెప్పేవారు ఆ పటాలను విప్పి ఊరి జనం ముందు కథ నడిపేవారు. దూరాన కూర్చున్నవారికి సైతం బొమ్మ పోల్చుకోవడానికి వీలుగా ఉండడంలో ఆ చివరి గీత పని చాలా ఉందని నా నమ్మకం.

కార్డు విషయంలో దీనికి మరొక కారణం ఉంది, నాకు అదే ముఖ్యం. మనం గీసేది అడిగినవారి ఇంటి మనిషిని. పెన్సిల్ బొమ్మ చూపినప్పుడు వాళ్లకు తప్పు కనబడదు, రంగు పడ్డాకనే కనబడుతుంది. ఒక ఇంటివారి అత్తగారి బొమ్మకు నేను ముందుగా ఇంకు వేశాను. పెన్సిల్ చూసి బాగుందన్న కోడలు, రంగు పూర్తయ్యాక చూసి ముక్కుపుడక అటు పక్క కాదు, ఇటు పక్క అన్నది. నాకు ఇచ్చిన ఫోటో ఫోన్ ముందు కెమెరాతో తీసుకున్నది, అద్దంలో లాగా కుడి ఎడమలు మారాయి. ఎర్ర రాయిని, ఇంకు గీతను చెరపడం ఎవరి వల్లా కాదు. గీత చివరకు ఉంచి ఉంటే పుడక ఇంకా వేసేదాన్నే కాదు, ముఖానికి పూసిన రంగు అట్లాగే పనికొచ్చేది.

కుంచెకట్ట, కరీంనగర్:

చెల్లె, మీరు చెప్పిన కష్టం నిజమే, కానీ దాని మందు వరుస మార్చడంలో లేదు. ఆ ఫోటో ముందే అడిగి సరిచూసుకుంటే సరిపోయేది. చేర్యాల పోలిక కూడా ఇక్కడ పూర్తిగా కుదరదు. వారి రంగులు చిక్కనివి, పూసిన చోట అడుగును కప్పేస్తాయి, కనుక మొదటి గీత కనబడుతుందన్న దిగులు వారికి లేదు. సుద్ద పూత వేసిన గుడ్డ నేల కూడా వేరు. మన కాగితానికి తయారీలోనే ఒక జిగురు పూత ఉంటుంది; రంగును రెండు మూడుసార్లు తడిపి, రుద్ది, ఎత్తిన చోట ఆ పూత దెబ్బతిని, తరువాత పెట్టిన ఇంకు వెంట్రుకల లాగా పక్కలకు పాకుతుంది. కంటి మూలలో అట్లా పాకిందంటే ఆ ముఖం పోయినట్టే. గునుగుపువ్వు గారు వాడేది వాటర్ కలర్ కాగితం, చేర్యాల గుడ్డ కాదు.

అచ్చుగది, మంచిర్యాల:

ప్రెస్సులో పనిచేసే మనిషిగా ఒక మాట. 40 ప్రతులు అచ్చు వేయాలి కనుక, రంగును ఒక కాగితం మీద, నల్లగీతను, అడుగు నుంచి వెలుగిచ్చే ట్రేసింగ్ ప్యాడ్ మీద దానిపై పెట్టిన మరొక కాగితం మీద వేసి, రెండింటినీ 600 డీపీఐలో (అంగుళానికి 600 చుక్కలు) స్కాన్ చేసి కంప్యూటర్‌లో కలిపితే ముందు వెనుకల తగాదా ఉండదు, ముక్కుపుడక ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు. సన్న గీతను మాత్రం నలుపు ఒక్కదానితోనే అచ్చు వేయమని చెప్పండి. నాలుగు రంగుల మిశ్రమంతో వచ్చే నలుపులో రంగులు వెంట్రుకవాసి జరిగినా కనురెప్పలు రెండుగా కనిపిస్తాయి. కాగితం అంచుకు చేరే రంగు ఉంటే ప్రతి వైపూ 3 మిల్లీమీటర్లు ఎక్కువ పూయండి, కోతలో పోతుంది.

చింతగింజ, జనగామ:

అచ్చుగది అన్నా, ప్రతుల వరకు మీ సలహా చాలా పనికొస్తుంది. అయితే ఆ అమ్మానాన్నల చేతికి వెళ్లేది అసలు బొమ్మ. రెండు కాగితాలుగా విడిపోయిన బొమ్మను వారికి ఎట్లా ఇస్తాము? షష్టిపూర్తి పీటల మీద కూర్చున్నవారికి ఆ ఒక్క కాగితంలోనే తమ ఇద్దరి ముఖాలు కనబడాలి.

కుంచెకట్ట అన్న చెప్పిన చిక్కని రంగు మాట మాత్రం నేను ఒప్పుకుంటాను, అందులో నేను తొందరపడ్డాను. కాబట్టి గునుగుపువ్వు అక్కా, బొమ్మనంతా ఒకే వరుసలో చూడకండి. కండెలు, తంగేడు రేకులు, చీర అంచు, వీటిలో ఎవరూ మార్పు అడగరు. వాటికి ముందే ఇంకు వేయండి. ముఖాలకు మాత్రం పెన్సిల్‌ను కనీకనబడనంత పలుచగా చేసి, వాటర్ కలర్‌కు బదులు గ్వాష్ (అడుగును కప్పేసే చిక్కని నీటి రంగు) కానీ మంచి పోస్టర్ కలర్ కానీ చిక్కగా, రుద్దకుండా ఒకే పూతలో పెట్టి, ఇంటివారికి చూపించి, వారు సరేనన్నాక నల్లగీతతో బొమ్మ కళ్లు తెరవండి.

కుంచెకట్ట, కరీంనగర్:

పక్కన పారదర్శకమైన రంగు, ముఖాల్లో చిక్కని రంగు ఉంటే ముఖాలు అతికించినట్టు కనిపిస్తాయని నా భయం. చీరకు, పంచెకు కూడా కొంత గ్వాష్ కలిపితే ఆ తేడా తగ్గవచ్చు. అయినా నా కార్డు అయితే నేను ఇంకే ముందు వేస్తాను.

గునుగుపువ్వు, హన్మకొండ:

అందరికీ కృతజ్ఞతలు. నిన్న కోతలో మిగిలిన కాగితం ముక్క మీద రెండు వరుసలూ ప్రయత్నించాను. చిక్కగా పెట్టిన గ్వాష్ మీద పెన్ను మొన తట్టుకుని గీత తెగింది. సన్న కుంచెను ఇంకులో ముంచి గీస్తే చక్కగా వచ్చింది, ఎక్కడా పాకలేదు. కండెలకు, పువ్వులకు పెన్నుతో ముందే గీత వేశాను, కుంచెకట్ట అన్న చెప్పినట్టు చీరలో, పంచెలో కొంచెం గ్వాష్ కలిపాను. మడత గీతను ముందే నొక్కితే ఆ గాడిలో రంగు ఎక్కువగా పీల్చుకుంటుందని తోచి, దాన్ని రంగు ఆరాక వేద్దామని ఉంచాను.

ముక్కుపుడక సంగతి చదివిన వెంటనే నా దగ్గర ఉన్న ఫోటోను పెద్దది చేసి చూశాను. అమ్మగారి వెనుక గోడకు ఉన్న క్యాలెండర్ మీద అంకెలు తిరగబడి ఉన్నాయి. వాళ్ల అమ్మాయికి ఫోన్ చేస్తే, పుడక కుడి వైపు అని చెప్పింది. నా పెన్సిల్ బొమ్మలో అది ఎడమ వైపు ఉంది. పెన్సిల్ చెరిపి సరిచేశాను. రేపు ముఖాలకు రంగు పెట్టి ఆ అమ్మాయికి చూపిస్తాను, కళ్లు ఆ తరువాత గీస్తాను.