‘మా ఊరి పొలిమేర 2’లో భయం తగ్గిందా? సరిహద్దు జిల్లాల ప్రేక్షకుల అభిప్రాయం కావాలి

ప్రశ్న: గుణుపురం, రాయగడ జిల్లా

నమస్కారం. అనిల్ విశ్వనాథ్ దర్శకత్వం వహించిన ‘మా ఊరి పొలిమేర 2’ గురించి ఒడిశా, మహారాష్ట్ర సరిహద్దుల్లోని తెలుగువారు ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలని ఉంది. మొదటి భాగం 2021లో థియేటర్లకు రాకుండా నేరుగా ఓటీటీలో విడుదలైంది. అందులో పెద్ద తారలు లేరు, భారీ సెట్లు లేవు. ఒక పల్లె, ఒక ఆటో డ్రైవరు, ఊళ్ళో ఒకదాని వెంట ఒకటిగా జరిగే చావులు, వాటి వెనుక చేతబడి. ఇంత కొద్ది సరంజామాతోనే ఆ చిత్రం రాత్రిపూట పెరట్లోకి వెళ్ళడానికి జంకేలా చేసింది. ఆ ఆదరణతోనే రెండవ భాగం 2023 నవంబరులో థియేటర్లలో విడుదలయ్యే స్థాయికి ఎదిగింది. తక్కువ ఖర్చుతో తీసిన చిత్రానికి ఇది చిన్న విజయం కాదు, అందుకు నాకు మనస్ఫూర్తిగా సంతోషం.

అయినా రెండవ భాగం చూస్తున్నంతసేపూ ఏదో లోటు తెలుస్తూనే ఉంది. కథ మొదటి భాగం జరిగిన జాస్తిపల్లి దాటి కేరళకు, గుడి రహస్యాలకు విస్తరించేకొద్దీ తరువాత ఏమవుతుందోనన్న ఆసక్తి పెరిగింది గాని, మన మధ్య తిరిగే మనిషే ఇంతటివాడైతే మన గతేమిటన్న భయం మాత్రం పలచబడిపోయింది. రెండవ సందేహం దీనికంటే బరువైనది. మా ప్రాంతంలో చిల్లంగి, అంటే చేతబడి, అన్నది కేవలం సినిమా మాట కాదు. పిల్లవాడికి జ్వరం తగ్గకపోయినా, కొట్టంలో పశువు చచ్చినా, దిక్కులేని ఒక ముసలామె మీద అనుమానం పడడం, ఆ అనుమానం చివరికి హత్య దాకా వెళ్ళడం మన జిల్లాల వార్తల్లో ఇప్పటికీ కనిపిస్తున్నాయి. అలాంటి చోట మంత్రశక్తిని ఇంత ఘనంగా చూపే చిత్రాన్ని మనం ఎలా చూడాలి? ఇంకా చూడనివారి కోసం చివరి మలుపులను దయచేసి బయటపెట్టవద్దు.

జవాబు: బరంపురం

మీ మొదటి మాటతో నేను ఏకీభవించలేను. రెండవ భాగం మళ్ళీ అదే ఊళ్ళో, అవే చావులతో నడిచి ఉంటే పాత కథనే తిరిగి అమ్మారని మనమే తప్పుపట్టేవాళ్ళం. చనిపోయాడనుకున్న మనిషి కేరళలో బతికే ఉన్నాడని చూపించి మొదటి భాగాన్ని ముగించారు కాబట్టి కథ అక్కడికి వెళ్ళక తప్పదు. పైగా హాస్య పాత్రలతోనే మనకు ఎక్కువగా తెలిసిన సత్యం రాజేష్ ముఖంలో అంతటి క్రూరత్వాన్ని చూడడమే నాకు పెద్ద భయం. గెటప్ శ్రీను విషయంలోనూ అంతే. ఆ ముఖాలను చూసి నవ్వడానికి అలవాటుపడిన మనకు వాళ్ళు నవ్వకుండా నిలబడితే చాలు, గుండె జారుతుంది. అందుకు గ్రాఫిక్స్ ఖర్చు అవసరం లేదు.

జవాబు: పర్లాకిమిడి, గజపతి జిల్లా

గుణుపురం వారి ప్రశ్నలో మొదటి సగం గురించి కొంచెం వివరంగా చెప్పాలనుంది, ఎందుకంటే తక్కువ ఖర్చుతో తీసిన భయానక చిత్రాలకు కొనసాగింపు తీసినప్పుడు ఎదురయ్యే చిక్కు ఒక్క మన తెలుగువారిది కాదు. అమెరికా చిత్రం ‘పారానార్మల్ యాక్టివిటీ’నే తీసుకోండి. ఓరెన్ పెలి 2007లో దాన్ని శాన్ డియాగోలోని తన సొంత ఇంట్లో, దాదాపు 15 వేల డాలర్లతో తీశారు. పడకగదిలో కదలకుండా నిలబెట్టిన కెమెరా, నిద్రపోతున్న ఇద్దరు మనుషులు, దానంతటదే కదిలే తలుపు, అంతే. అది విపరీతంగా ఆడాక 2010లో వచ్చిన రెండవ భాగానికి దాదాపు 30 లక్షల డాలర్లు పెట్టారు. అంత డబ్బు చేతికి వచ్చినా వాళ్ళు ఇల్లు దాటలేదు. కథానాయిక చెల్లెలి ఇంటికి కథను మార్చి, కాలాన్ని మొదటి భాగానికంటే కాస్త వెనక్కి జరిపి, దొంగలు పడ్డారన్న అనుమానంతో ఆ ఇంటివాళ్ళే పెట్టించుకున్న నిఘా కెమెరాల్లోంచి అంతా చూపించారు. పట్టపగలు వంటింట్లో అలమరలన్నీ ఒక్కసారిగా తెరుచుకునే సన్నివేశం ఇప్పటికీ నాకు గుర్తుంది. చీకటిని కూడా ఆశ్రయించకుండా అలా భయపెట్టగలగడం గొప్ప సంగతి.

పొలిమేర రెండవ భాగం ఇందుకు భిన్నమైన దారి పట్టింది. దాన్ని నేను తప్పనను, అయితే ఆ దారికి చెల్లించిన మూల్యం ఉంది. గుడి, దాని చుట్టూ అల్లిన రహస్యం, వాటిని ఛేదించే పోలీసు విచారణ, ఇవన్నీ ప్రతిదానికీ కారణం చెప్పుకుంటూ పోతాయి. కారణం తెలిసినకొద్దీ భయం సడలుతుంది. మొదటి భాగంలో ఊరి మనుషులు చావుకు కారణం తెలియక ఒకరినొకరు అనుమానంగా చూసుకునే ఘట్టాలే అన్నిటికంటే బలమైనవని నా అభిప్రాయం. రెండవ భాగంలో మలుపు వెంట మలుపు వస్తుండడంతో ఏ ఒక్కదాన్నీ జీర్ణించుకునే వ్యవధి ప్రేక్షకుడికి దొరకదు.

ఇక్కడ మా ప్రాంతపు సంగతి ఒకటి చెప్పాలి. ఈ కొండల్లోని సవర గిరిజనుల సంప్రదాయంలో చనిపోయినవారు పూజారిణి నోట మాట్లాడతారు. బతికున్నవాళ్ళు వాళ్ళతో పోట్లాడతారు, ఏడుస్తారు, ఎలా చనిపోయావని అడుగుతారు, తీరని బాకీల గురించి కూడా వాదించుకుంటారు. గోడల మీద వేసే ఇడిటాల్ చిత్రాలు కూడా ఆ ఆత్మల కోసమే. అంటే చనిపోయినవారు తిరిగి రావడం అక్కడ దుఃఖానికి సంబంధించిన విషయం. మన భయానక చిత్రాలలో పూజ, పసుపు, ముగ్గు, డప్పు కనిపిస్తే చాలు వెంటనే వెనుక నుంచి భీకరమైన సంగీతం మొదలవుతుంది. ఇది నన్ను ఎప్పుడూ బాధిస్తుంది. తక్కువ ఖర్చుతో, ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకునే మనుషులతోనే గొప్ప భయానక చిత్రం తీయడానికి కావలసిన సరుకు మన కొండల్లోనే ఉంది.

జవాబు: సిరొంచ, గడ్చిరోలి జిల్లా

ప్రశ్నలోని రెండవ భాగానికి నేను జవాబు ఇస్తాను. మీరు చిల్లంగి అన్నదాన్ని గోదావరికి ఇవతల మేము బాణామతి అంటాం, మరాఠీ వారు జాదూటోణా అంటారు. పేరేదైనా దెబ్బలు పడేది బీదవారికి, అందులోనూ ఎక్కువగా ఆడవారికి. మూఢనమ్మకాలపై జీవితమంతా పోరాడిన నరేంద్ర దాభోల్కర్‌ను 2013 ఆగస్టు 20న పుణెలో కాల్చి చంపారు. జాదూటోణాను నేరంగా చూసే చట్టం కావాలని ఆయన ఏళ్ళ తరబడి కోరారు, అది మహారాష్ట్రలో ఆ తరువాత కొద్ది రోజులకే ఆర్డినెన్సుగా వచ్చి, ఆ డిసెంబరులో శాసనసభ ఆమోదం పొందింది. నేరం రుజువైతే ఆరు నెలల నుంచి ఏడేళ్ళ వరకు జైలు. మంత్రగత్తె అన్న ముద్ర వేసి వేధించడాన్ని నేరంగా చూస్తూ మీ ఒడిశాలోనూ అదే 2013లో చట్టం చేశారు.

ఈ నేపథ్యంలో చూసినా, ఆ చిత్రాన్ని చూడవద్దని నేను చెప్పను. చేతబడి చిత్రాల వల్లనే మనుషులు చంపుకుంటున్నారనడం సరికాదు, ఎందుకంటే ఊళ్ళో ఆసుపత్రి లేకపోవడం, భూమి తగాదాలు, ఒంటరి ఆడదాని ఆస్తి మీద బంధువుల కన్ను, ఇవి సినిమా పుట్టకముందు నుంచీ ఉన్నవే. నా అభ్యంతరం ఒక్కటే. ఇలాంటి చిత్రాలలో మంత్రం వేసేవాడే కథకు కేంద్రం అవుతాడు, అతని తెలివికి, పట్టుదలకు మనం ముగ్ధులమవుతాం. వేయనివాళ్ళ మీద నింద పడితే వాళ్ళ బతుకు ఏమవుతుందో చూపించడానికి మాత్రం సమయం తక్కువే దొరుకుతుంది. మా వైపు వాస్తవంలో జరిగేది దాదాపు ఎప్పుడూ ఆ రెండవదే. మీ ఇంట్లో పెద్ద పిల్లలు ఉంటే చిత్రం అయిపోయాక వారితో ఈ సంగతి తప్పకుండా మాట్లాడండి. మా ఇంట్లో అలాగే చేశాం, పిల్లలు అడిగిన ప్రశ్నలు చిత్రం కంటే ఆసక్తిగా ఉన్నాయి.

గుణుపురం నుంచి మళ్ళీ

అందరికీ కృతజ్ఞతలు. బరంపురం వారు చెప్పినట్టు కథ కేరళకు వెళ్ళక తప్పదన్న మాటను ఒప్పుకుంటాను. కాని వెళ్ళిన తరువాత అక్కడే అంతసేపు ఉండనవసరం లేదని ఇప్పటికీ అనుకుంటున్నాను. సిరొంచ వారి జవాబు చదివాక కామాక్షి భాస్కర్ల పోషించిన లచ్చిమి పాత్రను వేరే కోణంలో చూడాలనిపించింది. భర్త చేసినదానికి ఊరి ముందు నిలబడవలసింది భార్యే కదా. ఆ పాత్ర మీద దర్శకుడు ఇంకా ఎక్కువసేపు నిలబడి ఉంటే బాగుండేదని మీలో ఎవరికైనా అనిపించిందా? పర్లాకిమిడి వారు చెప్పిన సవర సంప్రదాయం ఆధారంగా ఒడియాలో గాని తెలుగులో గాని ఏదైనా చిత్రం వచ్చి ఉంటే ఆ వివరాలు కూడా రాయండి, వెతికి చూస్తాను.